ఇంట్లో లేనివాళ్ళ ముక్క

చీనా పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సైబర్‌జయ నగరంలో మా ఆఫీసు కింద కారు ఆపుతున్నాను.

"మీ పెద్దమ్మ ఎల్లిపోనాదే. పొద్దున లెగనేదు," అంది అమ్మ. ఆ వెంటనే గొంతు తగ్గించి, "నాను దగ్గిరికెల్లి సూసినాను. మన మనిషే," అంది.

ఆ చివరి మాట ఇంకెవరైనా వింటే పిచ్చి మాట అనుకుంటారు. నేను అనుకోలేదు. పెద్దమ్మ చనిపోయిందన్న కబురు మా ఊరు హుటాన్ మెలింటాంగ్‌కు అంతకు ముందే ఒకసారి వచ్చింది. ఆ కబురు మోసుకొచ్చిన మనిషికి తలుపు తీసింది పెద్దమ్మే.

మొహం చూస్తే చీనా మనిషి. నోరు తెరిస్తే మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో ఈ మలాయి నేలకు వెంట తెచ్చుకున్న తెలుగు. చీలమండ పైకి కట్టిన చీర, ముక్కుకు రెండు వైపులా పుడకలు, చేతుల నిండా గాజులు. పొత్తిళ్ళలో ఉండగా ఎవరో చీనా ఆవిడ తోటలోని కూలీల ఇళ్ళకు తెచ్చి, పిల్లల్లేని ఒక తెలుగు దంపతుల చేతుల్లో పెట్టి వెళ్ళిపోయిందట. ఆ రోజుల్లో అది అంత వింత కాదు. ఆడపిల్లను పెంచలేమనుకున్న చీనా ఇళ్ళూ, పిల్లల కోసం మొక్కుకునే మన ఇళ్ళూ దగ్గర దగ్గరే ఉండేవి. అలా పెరిగి, పడవ మీద పనిచేసే తెలుగు మనిషినే పెళ్ళాడి, అతను పోయాక మా పక్కింట్లో ఒంటరిగా ఉంటూ, పసార్లో, అంటే ఊరి సంతలో, ఎండు రొయ్యలు అమ్మేది. మా అమ్మ ఆవిణ్ణి అప్పా, అంటే అక్కా, అనేది. నాకు పెద్దమ్మ.

ఆవిడ నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు. రొయ్యలు ఏరుతూ రొయ్యలతోనే మాట్లాడేది. "ఏటే, నీకు తల నేదేటి? తల్లేకుండా ఎలాగొచ్చినావు?" అని ఒక్కోదాన్నీ అడిగి, జవాబు కూడా తనే చెప్పేది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వేది. పిల్లలెవరైనా చందమామను వేలితో చూపిస్తే మాత్రం ఆ నవ్వు ఆగిపోయేది. వెంటనే ఆ చెయ్యి పట్టి కిందికి లాగేది. "సూపకే గుంటా. సెవి కోసుకుపోతాది." అది చీనావాళ్ళ నమ్మకం. ఎవరు నేర్పారని అడిగితే, "ఎవులూ నేర్పనేదు. తెలుసంతే," అనేది.

చీనావాళ్ళ చందమామ పండగ దగ్గరపడితే మా పసార్ అంతా మూన్‌కేకులే. కొయ్య అచ్చులో నొక్కి తీసిన గుండ్రటివి, పైన పువ్వులూ అక్షరాలూ తేలినవి. చీనావాళ్ళలోనే టియోచూ వాళ్ళు చేసే పొరలు పొరల కేకులు, నత్తగుల్ల చుట్టలా తిరిగి, లోపల చేమదుంప ముద్దతో. పిల్లల కోసం పందిపిల్ల ఆకారంలో గట్టి బిస్కెట్లు, ఒక్కొక్కటి రంగు రంగుల చిన్న బుట్టలో పెట్టి దండలా వేలాడదీసేవారు. పెంచిన తల్లి ఏడాదికొకసారి ఆ పందిపిల్ల బుట్ట కొని పెద్దమ్మ చేతిలో పెట్టేదట. "మీవోల పండగమ్మా, తిను," అని. ఆ తల్లి పోయాక పెద్దమ్మే కొనుక్కుని, గడప మీద కూర్చుని, పందిపిల్లను చెవుల దగ్గర్నుంచి కొరుక్కుంటూ తినేది. మిగతా కేకుల జోలికి వెళ్ళేది కాదు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిణ్ణి ఎక్కడెక్కడో చూశామని చెప్పేవాళ్ళు ఉండేవారు. పక్క పట్నం తెలుక్ ఇంతాన్ బస్టాండులో ఉంది, పలకరిస్తే పలకలేదు. గుడి తిరునాళ్ళ రోజు ఏటి ఒడ్డున ఉంది, చీర కట్టలేదు, చీనావాళ్ళ లాగూ చొక్కా వేసుకుని ఉంది. అదే రోజు ఆవిడ మా ఇంట్లో కూర్చుని మా అమ్మకు పప్పు రుబ్బి పెట్టింది. ఆ మాట చెబితే చూసినవాళ్ళకు కోపం వచ్చేది. "నా కళ్ళతో సూసినానులా!" అనేవారు.

పెద్దమ్మ మాత్రం వాదించేది కాదు. "నానే అయ్యుంటానులే," అని తన పని తను చేసుకునేది. ఒకసారి నేనే అడిగాను, భయం వెయ్యదా అని. చేటలో రొయ్యలు చెరుగుతూ, "ఎక్కడో తిరుగుతోంది కదా, తిరగనీ. అన్నం తినే తిరుగుతాదిలే," అంది. అప్పటికే ఆవిడకు తెలుసో, అనుమానమో, నేను చెప్పలేను.

పదేళ్ళ కిందటి మాట. పండగకు ముందు రోజులు, నేను సెలవు మీద ఊళ్ళో ఉన్నాను. ఒక మధ్యాహ్నం మా వీధి చివర ఉండే బస్సు డ్రైవరు పరుగులాంటి నడకతో వచ్చాడు. తెలుక్ ఇంతాన్లో ఒక మూన్‌కేకుల దుకాణానికి వెళ్ళాడట. లోపల గోడకు పెద్దమ్మ ఫొటో, దాని ముందు అగరొత్తులు. ఆవిడ చనిపోయిందని మాకు చెప్పడానికి వచ్చి, పొరపాటున పక్క గుమ్మం తట్టాడు. చేతిలో చేటతో పెద్దమ్మ తలుపు తీసింది. ఆ మనిషి అక్కడే, గుమ్మం ముందే, కూలబడిపోయాడు.

నీళ్ళు తాగాక విషయమంతా చెప్పాడు. పెద్దమ్మ చేట కింద పెట్టింది. మొదటిసారి ఆవిడ "నానే అయ్యుంటాను" అనలేదు. "అయితే అది పోనాదన్నమాట," అంది.

మరుసటి రోజు నన్ను కారు తియ్యమంది. మా అమ్మ వద్దని అడ్డం పడింది. "సచ్చినోల మొకం సూడ్డానికి ఎల్తావేటి అప్పా!"

"నా మొకం నాను సూసుకోకూడదేటి?" అంది పెద్దమ్మ.

దుకాణం పేరాక్ ఏటికి ఆనుకుని ఉన్న పాత వరసలో ఉంది. మేము వెళ్ళేసరికి ఒక పెద్దాయన ఒక్కడే బల్ల ముందు నిలబడి, కొయ్య అచ్చులో పిండిముద్ద నొక్కి, అచ్చును బల్ల అంచుకు కొట్టి, కేకును అరచేతిలోకి దింపుతున్నాడు. టక్, టక్. తలెత్తాడు. అచ్చు చేతిలోంచి జారి కింద పడింది. ఆయన కేక పెట్టలేదు. గోడ మీద ఫొటో వైపు తిరిగి కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. కళ్ళు తెరిచి మళ్ళీ ఇటు చూశాడు. పెద్దమ్మ ఇంకా అక్కడే ఉంది.

నేనూ ఫొటో వంక చూశాను. ముక్కుపుడకలు లేవు, జుట్టు కురచగా కత్తిరించి ఉంది. అంతే తేడా. పెదవి ఎడమ వైపు కాస్త పైకి లేచి ఉండటం కూడా అదే.

పెద్దమ్మ మలాయిలో ఏదో చెప్పబోయింది. ఆయన గబగబా వచ్చి, మాట్లాడొద్దని వేలు పెదవుల మీద పెట్టి, లోపలి గది వైపు చూపించాడు. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి ఒక ముసలి గొంతు ఒక పేరు పిలిచింది.

ఆయన మలాయిలో, గుసగుసగా చెప్పాడు. లోపల ఉన్నది ఆయన అత్తగారు. చూపు పోయి చాలా ఏళ్ళయింది. ఫొటోలో ఉన్నది ఆయన భార్య. గొంతులో జబ్బు చేసి, ముందు మాట పోయింది, వానలకు ముందు మనిషే పోయింది. ఆ సంగతి తల్లికి చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది. దూరాన ఈపో పట్నం ఆసుపత్రిలో ఉందని చెబుతూ వస్తున్నాడు. ఇప్పుడు ఈ అడుగుల చప్పుడు విని ఆవిడ కూతురు వచ్చిందనుకుంది.

"మా ఆవిడకు కవల ఉందని విన్నాను. ఇద్దరూ ఒకే కప్పు కింద పెరిగితే ఒకరు బతకరని గుడిలో చెప్పారట. అందుకే ఇచ్చేశారు," అన్నాడు ఆయన. పెద్దమ్మ ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు.

లోపలి గొంతు మళ్ళీ పిలిచింది.

పెద్దమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. తనే గాజులు ఒక్కొక్కటీ తీసి, చప్పుడు కాకుండా నా దోసిట్లో పోసింది. ముక్కుపుడకలు రెండూ తీసి ఇచ్చింది. ఆయన అర్థం చేసుకుని చనిపోయిన భార్య చొక్కా, లాగూ తెచ్చాడు. తెర వెనక్కి వెళ్ళిన మా పెద్దమ్మ బయటికి వచ్చింది. ఆ బట్టలు ఆవిడకు కొలతలు తీసి కుట్టినట్టు ఉన్నాయి.

మంచం మీద ఆ తల్లి చిన్నపిల్లంత అయిపోయి ఉంది. పెద్దమ్మ వెళ్ళి పక్కన కూర్చోగానే రెండు చేతులూ చాచి ముఖం తడిమింది. నుదురు, కనుబొమలు, చెంపలు. వేళ్ళు ముక్కు దగ్గరికి వచ్చి ఆగాయి. పుడక తీసేసిన చోట ఉన్న చిన్న గుంటను చూపుడు వేలు తాకింది. రెండో వైపు వెళ్ళి అక్కడా తాకింది. తర్వాత ఆ వేళ్ళు కిందికి దిగి, పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాయి. ముసలావిడ వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడింది. జీవితంలో నోరు మూసుకుని ఎరుగని మా పెద్దమ్మ చెయ్యి ఇచ్చి, చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.

ఆ సాయంత్రం వాళ్ళ పద్ధతి ప్రకారం పెరట్లో చందమామకు బల్ల వేశారు. పంపర పనస, ఉడికించిన చిన్న చేమదుంపలు, టీ, కేకులు. వాళ్ళలో చందమామకు మొక్కేది ఆడవాళ్ళేనట. ఆయన దూరంగా నిలబడ్డాడు. మొక్కడం ఎలాగో తెలియని పెద్దమ్మ అగరొత్తులు పట్టుకుని మన పద్ధతిలోనే దండం పెట్టింది. లోపలికి వచ్చాక తల్లి కేకు కొయ్యమంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు. ఊళ్ళో లేనివాళ్ళకు కూడా ముక్క కోసి ఉంచాలి, లేకపోతే వాళ్ళు దారి మరిచిపోతారు. ఇలా కొయ్యడం చాలా ఇళ్ళలో ఉందని తర్వాత నా ఆఫీసులో చీనా స్నేహితులు చెప్పారు. కానీ ఆ తర్వాత నేను చూసింది వాళ్ళెవరూ వినలేదు.

ఆయన ఒక ముక్క విడిగా చిన్న సాసరులో పెట్టాడు. ముసలావిడ దాన్ని తడుముకుని తీసుకుని పెద్దమ్మ చేతికిచ్చి ఏదో చెప్పింది. ఆయన మా వైపు వంగి మలాయిలో గుసగుసగా చెప్పాడు.

"అది ఇచ్చేసిన పిల్లది. ఏటా కోస్తాం. మేమెవరం తినం. మా ఆవిడ తీసుకెళ్ళి మెట్ల దగ్గర ఏట్లో వదిలేది. ఇప్పుడు నువ్వు వెళ్ళి ఏట్లో వదిలి రావాలంటోంది."

పెద్దమ్మ ఆ ముక్క వంక చూసింది. పుట్టినప్పటి నుంచి ఏటా తన కోసం కోసిన ముక్క. దాన్ని రెండు చేతులతో పట్టుకుని దుకాణం వెనక మెట్లు దిగింది. నేను వెంట వెళ్ళాను. నీళ్ళ దగ్గర కూర్చోగానే ఆగలేక అడిగాను.

"తినేయొచ్చు కదా పెద్దమ్మా. అది నీదే కదా."

ఆవిడ నా వైపు తిరగలేదు. "ఇప్పుడు నాను అది కాదు గదే," అంది. ముక్కను నీళ్ళలో వదిలేసింది.

ఆ తర్వాత పెద్దమ్మ వారానికి ఒకసారైనా బస్సెక్కి తెలుక్ ఇంతాన్ వెళ్ళేది. మిగతా రోజులు ఈపో ఆసుపత్రిలోనే ఉంటోందని ఆయన అత్తగారికి చెప్పేవాడు. ఇంటి దగ్గరే ఆ చొక్కా, లాగూ వేసుకుని బయల్దేరేది. అక్కడ తల్లి పక్కన కూర్చుని, కాళ్ళకు నూనె రాసి, గంజి తాగించి వచ్చేది. గోడ మీద తన ముఖం, దాని ముందు అగరొత్తుల పొగ, ఆ కింద కూర్చుని టీ తాగేది. బావగారితో కూడా లోపల మాట్లాడేది కాదు. ఏదైనా చెప్పాలంటే ఇద్దరూ వీధిలోకి వచ్చేవారట.

ఆ మౌనం మెల్లగా హుటాన్ మెలింటాంగ్‌కు కూడా వచ్చింది. పసార్లో ఆవిడ గొంతు వినిపించడం తగ్గింది. రొయ్యలు ఏరుతూ చేతులు మాత్రమే ఆడేవి. బస్సులో మా వాళ్ళు పలకరిస్తే, లాగూ చొక్కాలో ఉన్న ఆవిడ పరాయిగా చూసి ముఖం తిప్పుకునేదట. అప్పటి దాకా ఇద్దరు మనుషులు తిరుగుతున్నారని భయపడ్డ ఊరు, ఇప్పుడు తిరుగుతున్నది ఎవరని భయపడింది. కొందరు ఆవిడ దగ్గర రొయ్యలు కొనడం మానేశారు.

ఒక సాయంత్రం మా అమ్మ చారు గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. వంటగదిలో స్టూలు మీద చీనా బట్టల్లో మనిషి, వీపు ఇటు. "అప్పా," అంది అమ్మ. కదల్లేదు. "అప్పా, సారు తెచ్చినాను." ఆ మనిషి తల తిప్పకుండానే ఒక మాట అంది. తెలుగు కాదు, మలాయి కాదు. అమ్మ గిన్నె అక్కడే పెట్టేసి వచ్చి తలుపు వేసుకుంది. తెల్లవారి పెద్దమ్మ చీర కట్టుకుని, కడిగిన గిన్నె తెచ్చి, "ఏటే, రాతిరి సారు నువ్వే పెట్టినావా? పిలవనేదేటి?" అని అడిగింది. అమ్మ నిమ్మకాయ తెచ్చి దిష్టి తీసింది.

"ఆ సచ్చినోల గుడ్డలు ఒగ్గేయ్ అప్పా. నీ మీదకొచ్చేస్తోంది," అని ఏడ్చింది.

"రానీయే. తల్లి కాడికేగా ఎల్తున్నాది," అంది పెద్దమ్మ. "నాకు మాత్రం ఆవిడ నేదేటి?"

ఎప్పుడో ఒకప్పుడు నిజం చెప్పేస్తే పోలేదా అని నేనూ అన్నాను. కూతురు తిరిగొచ్చిందని తల్లి సంతోషించదా? పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. ఒక కూతుర్ని ఇస్తే రెండో కూతుర్ని చంపినట్టవుతుంది. అది తన వల్ల కాదు. అలా ప్రతి పండగకూ వెళ్ళి, తన ముక్క తనే ఏట్లో వదిలి వచ్చేది.

చివరి పండగకు మళ్ళీ నేనే కారులో తీసుకెళ్ళాను. ముసలావిడ మంచం మీంచి లేవడం మానేసింది. వెలుతురు ఉండగానే కేకు మంచం దగ్గరికి తెచ్చి కోశారు. ఆయన ఎప్పటిలాగే ఒక ముక్క సాసరులో విడిగా పెట్టాడు. పెద్దమ్మ దాన్ని తీసుకోవడానికి చెయ్యి చాచింది. ముసలావిడ ఇవ్వలేదు.

సాసరు గుండెల మీద పెట్టుకుంది. ఒక చేత్తో పెద్దమ్మ ముఖం వెతికింది. వేళ్ళు నుదుటి మీద ఆగలేదు, చెంపల మీద ఆగలేదు. తిన్నగా ముక్కు మీదికి వెళ్ళి, ఆ రెండు గుంటలనూ ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా నిమిరాయి. తర్వాత పెదవులు దొరకబుచ్చుకుని, సాసరులో ముక్క తీసి, పెద్దమ్మ నోట్లో పెట్టింది.

పెద్దమ్మ నమలలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని అలాగే ఉండిపోయింది. ముసలావిడ ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టి, పసిపిల్లకు పట్టినట్టు పట్టి, మింగే దాకా తియ్యలేదు.

అప్పుడు అల్లుడి వైపు తల తిప్పి ఏదో చెప్పింది. ఆయన కత్తి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నేల మీద కూర్చుండిపోయాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది. ఆయన ఇంకో ముక్క కోసి ఖాళీ సాసరులో పెట్టాడు. ముసలావిడ దాన్ని పెద్దమ్మ చేతిలో ఉంచి, కిటికీ అవతల ఏటి వైపు చెయ్యి చూపించి, మొదటి రోజు ఆ గదిలోంచి మాకు వినిపించిన పేరు పలికింది. ఆ పేరుతో ఈసారి పిలవలేదు. అది ఆ ముక్క ఎవరిదో చెప్పడం.

ఆయన మాకు మలాయిలో ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. ఆవిడకు ఎప్పటి నుంచి తెలుసు? మొదటి రోజు వేలు ఆగినప్పటి నుంచేనా? ఎవరం అడగలేదు.

పెద్దమ్మ ఆ గదిలో మొట్టమొదటిసారి నోరు తెరిచింది.

"అలాగేనమ్మా," అంది. తెలుగులోనే.

ముసలావిడ ఆ గొంతు కోసమే కాచుకుని ఉన్నట్టు తల ఊపి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ వానల్లోనే పోయింది.

మెట్ల దగ్గర పెద్దమ్మ ఆ ముక్కను చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది. ఏరు ఆటుపోటు మధ్య నిలిచి ఉంది, ఏ వైపూ పారడం లేదు. వదిలాక ముక్క అక్కడే తిరిగి తిరిగి మునిగింది. "ఇన్నాళ్ళూ నువ్వు నాకు పంపినావు," అని ఆవిడ నీళ్ళతో అంది. ఇంకా ఏదేదో చెప్పింది, నేను వినలేదు, పైకి వచ్చేశాను. ఆ రోజు తర్వాత చొక్కా, లాగూ ఉతికి, మడిచి బావగారికి ఇచ్చేసింది. పసార్లో ఆవిడ గొంతు మళ్ళీ నాలుగు దుకాణాల అవతలికి వినిపించడం మొదలైంది.

అమ్మ ఫోన్ వచ్చిన రోజే నేను ఊరు చేరాను. పెద్దమ్మను ఆకుపచ్చ చీరలో పడుకోబెట్టారు. మా వాళ్ళంతా ఉన్నారు. ఎండ తగ్గుతుండగా తెలుక్ ఇంతాన్ నుంచి దుకాణం పెద్దాయన వచ్చాడు, నల్ల చొక్కాలో, కర్ర పట్టుకుని. ఎవరో ఏమిటో తెలియనివాళ్ళు దారి ఇచ్చారు. ఆయన దగ్గరికి వెళ్ళి ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు. ఆ ముఖం చనిపోయి ఉండగా చూడటం ఆయనకు అది రెండోసారి. అక్కడ ఉన్నవాళ్ళలో ఆ సంగతి తెలిసింది నాకూ అమ్మకూ మాత్రమే.

అమ్మ కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు. మలాయిలో, తప్పు అడుగుతున్నానేమో అన్నట్టు అడిగాడు.

"చివర్లో ఈమెకైనా గొంతు ఉందా? మాట్లాడిందా?"

"మాట్లాడింది," అంది అమ్మ, తనూ మలాయిలోనే. "నిద్రపోయే దాకా మాట్లాడుతూనే ఉంది. నేనే విసుక్కున్నాను."

ఆయన తల ఊపి, అప్పుడు కూర్చున్నాడు.